మంత్రిని అంబులెన్సు ఎక్కించిన సిస్టరమ్మ

భర్త గవర్నరయ్యే నాటికి ఆమె ఇరవయ్యారేళ్లుగా ప్రసూతి వార్డులో నర్సు. పెద్ద బంగళాకు వచ్చాక కూడా "మేడమ్" అంటే పలికేది కాదు. "సిస్టరమ్మా" అంటే చాలు, చటుక్కున తిరిగేది.

రెండో ఏడు, ఏటి అవతలి ఊళ్లోని కాన్పుల ఆసుపత్రిని మూసేసి నగరంలోని పెద్దాసుపత్రిలో కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. అక్కడి ఆయా ఒకప్పుడు ఈమెతో పనిచేసింది. ఫోన్ చేసి భోరుమంది.

పొద్దున టీ తాగుతూ ఆమె భర్త దగ్గర ఆ మాట ఎత్తింది.

"అది మంత్రివర్గం తీర్మానం. నేను కాదనడానికి లేదే," అన్నాడాయన.

"మిమ్మల్ని కాదనమనట్లేదండీ. ఆరోగ్యమంత్రిని ఓసారి టీకి పిలవండి. మిగతాది నేను చూసుకుంటా."

"నువ్వు చూసుకుంటానంటేనే నాకు భయం!"

మంత్రి వచ్చాడు. ఆమె కొడుకు వయసువాడు. బల్ల మీద పటం పరిచి, "పెద్దాసుపత్రి ఎంతమ్మా, అరగంట దూరం," అన్నాడు.

"అయితే ఓసారి వెళ్లొద్దామా బాబూ? మీ కార్లో కాదు, అంబులెన్సులో."

అడిగింది గవర్నరు భార్యాయె. మంత్రికి సరేననక తప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఊళ్లోనే ఎక్కారు. ముందు పోలీసు జీపు లేదు. మంత్రి వెనక బల్ల మీద, ఎదురుగా ఆమె. గుంత వచ్చినప్పుడల్లా ఆయన ఎగిరిపడ్డాడు. వంతెన మీద లారీలు ఇరుక్కున్నాయి. సైరను మోగినా కదల్లేదు.

"ఇంకెంతసేపమ్మా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నొప్పులు పడే పిల్లా ఇదే అడుగుతుంది బాబూ. దానికేం చెప్పమంటారు?"

గంటా పది నిమిషాలకు చేరారు. దిగీ దిగగానే మంత్రి నడుము పట్టుకుని కార్యదర్శికి ఫోన్ చేశాడు. "ఆ ఫైలు ఆపండి."

ఆపరేషన్ గది మాత్రం దక్కలేదు, నగరానికి తరలిపోయింది. కాన్పుల వార్డు, ఇద్దరు నర్సులు, ఒక అంబులెన్సు అక్కడే నిలిచాయి. 'ఎవరూ ఎన్నుకోని పెత్తనం' అని ఒక పత్రిక దుయ్యబట్టింది.

"నిజమే కదండీ! నాకెవరూ ఓటెయ్యలేదు. ఓడిపోతానన్న భయమూ లేదు," అంది భర్తతో. విలేకరుల ముందు అనకు తల్లీ అని ఆయన బతిమాలాడు. ఆ సాయంత్రమే అనేసింది.

ఆయన పదవి ముగిశాక ఆమె ఆ వార్డులోనే వారానికి రెండు రోజులు కొత్త నర్సులకు పని నేర్పింది. మొదటి రోజు వాళ్లలో ఒక పిల్లను కాన్పు మంచం మీద పడుకోబెట్టి, "ముందు ఇక్కణ్ణించి మన మొహాలెలా ఉంటాయో చూడు. తర్వాత నేర్పిస్తా," అంది.