జడ బొమ్మ నూనె

మా కొత్తపేటలో ఆ రోజుల్లో సరుకును పేరుతో అడిగినవాళ్లను నేను చూడలేదు. "ఏనుగు బొమ్మ అగ్గిపెట్టి ఇయ్యండి", "చిలక బొమ్మ సబ్బుందాండీ" అనేవారు. బొమ్మ మారిందంటే లోపల సరుకు అదే అయినా ముట్టుకునేవారు కారు. చదువుకున్న మా నాన్నగారూ అంతే. డబ్బా మీద లేడి బొమ్మ లేకపోతే ఆయనకు ఆ నస్యంతో తుమ్మే వచ్చేది కాదు.

అలాంటి ఊళ్లో మా అత్తయ్య తలనూనె అమ్మబోయింది. నాన్నగారికి అక్క ఆవిడ. చిన్నతనంలోనే భర్త పోతే, తల గొరిగించి, ముసుగు వేసి పుట్టింటికి పంపేశారు. మా అమ్మ ఆవిణ్ణి ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా తమ్ముడి అన్నం తింటున్నానన్న బాధ అత్తయ్యను తినేసేది. తన కూడు తాను సంపాదించుకోవాలన్నది ఒక్కటే ఆవిడ పంతం. కొబ్బరినూనెలో మందారపూలు, మెంతులు, గుంటగలగరాకు వేసి కాస్తుంటే వీధిన పోయేవాళ్లు ఆగి వాసన చూసేవారు.

కొట్లో పెట్టిన సీసాలు మాత్రం కదల్లేదు.

"నూనె బంగారమేనండీ. బొమ్మ లేదు కదండీ, ఎవరు కొంటారండీ? దీపావళి దాకా చూస్తానండి, ఆ పైన నా దగ్గర చోటు లేదండి" అన్నారు కొట్టు శెట్టిగారు నాన్నగారితో.

కాచింది ఎవరో చెప్పవద్దని అత్తయ్య ముందే ఆయనకు కబురు చేసింది. పొద్దున్నే ఎదురైతే వెనక్కి తిరిగిపోయే జనం, ఆవిడ చేతి నూనె నెత్తిన పెట్టుకుంటారా? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమలాపురం అచ్చాఫీసులో లక్ష్మీదేవి బొమ్మ చెక్కిన అచ్చు దిమ్మ తయారుగా ఉంటే నాన్నగారు సీసాలకు అంటించే కాగితాల మీద అదే వేయించి తెచ్చారు. సీసాలన్నీ చూస్తుండగానే అమ్ముడుపోయాయి. అత్తయ్య ఉత్సాహంగా మళ్లీ కాచింది. కాని రెండోసారి కొనడానికి ఒక్కరూ రాలేదు.

సంగతేమిటో శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్లొచ్చిన అమ్మ చెప్పింది. నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడింది.

"వదినగారూ, మీ నూనె అందరి దేవుడి గూళ్లలోనూ ఉందండీ. సీసాకి పసుపు రాసి బొట్టు పెట్టేరు. అమ్మవారున్న నూనె తలకెలా రాసుకుంటామండీ అంటున్నారు. దీపంలో చుక్క చుక్క వేస్తున్నారు."

అత్తయ్య కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. చుక్క చుక్క వేస్తే ఆ సీసా ఎప్పటికి ఖాళీ అవ్వాలి?

మర్నాడు నన్ను కూర్చోబెట్టి, తలకు నూనె పట్టించి, నడుం దాటే జడ అల్లింది. నాన్నగారు నన్ను అమలాపురం తీసుకెళ్లి, దిమ్మలు చెక్కే ఆయన ముందు వీపు తిప్పి నిలబెట్టారు. ఆ కొత్త కాగితం చూసి శెట్టిగారు మా ఇంటికే వచ్చేశారు.

"మొహం లేని బొమ్మేంటండీ?"

"మొహం పెడితే అది ఇంకెవరిదో అవుతుంది నాయనా. వెనకనుంచైతే ఎవరికి వారు తమదే అనుకుంటారు" అంది అత్తయ్య తలుపు చాటునుంచి.

నిజంగా అలాగే అనుకున్నారు. దీపావళి తలంట్లకు ముందే ఖాళీ సీసాలు పట్టుకుని, "ఆయ్, ఆ జడ బొమ్మ నూనేనండీ, ఇంకోటి ఇయ్యండి" అంటూ వచ్చారు. లక్ష్మీదేవి సీసా వైపు చూడని చర్చి వీధివాళ్లు క్రిస్మస్‌కి కొనుక్కెళ్లారు. అత్తయ్య తన సంపాదనతో బియ్యం తెప్పించి వంటింట్లో పెట్టిన రోజు నాన్నగారు మారు అన్నం అడిగి మరీ వడ్డించుకున్నారు.

సంక్రాంతి వెళ్లేసరికి నూనె కాచేదెవరో ఊరందరికీ తెలిసిపోయింది. కొనడం ఒక్కరూ మానలేదు. అప్పటికే ఆ జడకు అలవాటుపడిపోయారు.

ఆ వేసవిలో ఒక పొద్దున్న మంగలి ఎప్పటిలాగే అత్తయ్య తల గొరగడానికి పెరటి గుమ్మంలోకి వచ్చాడు. అత్తయ్య అతని చేతిలో ఒక సీసా పెట్టింది.

"ఇది మీ ఆవిడకియ్యి బాబూ. నువ్వింక రానక్కర్లేదు."

నాన్నగారు పేపరు దించారు.

"అక్కయ్యా, ఊరేమంటుందో."

"ఊరు నా నూనె కొంటోందిరా" అంది అత్తయ్య.

నాన్నగారు లేచి మంగలిని వీధి దాకా సాగనంపి, పెరటి తలుపు తనే గడియ పెట్టి వచ్చారు.