పదకొండు రోజుల పెద్దరికం

మా పెద్దమ్మ కూతురు నాకంటే పదకొండు రోజుల ముందు పుట్టింది. ఆ మాత్రానికే నేను దాన్ని అక్కా అని పిలవాలట. పిలిచేదాన్ని, పళ్ళు కొరుక్కుంటూ. దానికి మార్కులొస్తే నాకు అన్నం సయించేది కాదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు.

నాన్నది కుళాయిలు, పైపులు అమ్మే కొట్టు. ఏ సైజు పైపు మూత ఏ డబ్బాలో ఉందో ఆయనకే గుర్తుండేది కాదు. ఒక్క మూత కోసం వచ్చినవాళ్ళు అరగంట నిలబడేవాళ్ళు. సెలవుల్లో నేను డబ్బాలన్నిటికీ నంబర్లేసి, కంప్యూటర్లో ఎక్కించి, పేరు కొడితే ఏ అరలో ఉందో చూపించేలా చేశాను. ప్రోగ్రాం రాయడం కంటే, ఎవరు ఎక్కడ ఎందుకు ఆగిపోతున్నారో కనిపెట్టడమే నాకు సరదా.

మా లెక్కల మేడం అది చూసి, "నీకు బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ సరిగ్గా సరిపోతుందే. కంప్యూటర్ సైన్స్ అంటే కంప్యూటర్ లోపలి సంగతి. ఇదేమో దాంతో పని నడిపించే సంగతి," అంది. కాలేజీ ఫారంలో అదే రాద్దామనుకున్నాను.

అంతలో అక్క అదే కాలేజీకి కంప్యూటర్ సైన్స్ రాసిందని తెలిసింది. "దానిది పాదరసంలాంటి బుర్ర," అని మా అమ్మ నా ముందే మురిసిపోయింది. ఇంకేముంది, నేనూ కంప్యూటర్ సైన్సే రాసిపారేశాను.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారే, ఆ వాత నాకు రెండు నెలల్లో తేలింది. మధ్యాహ్నమంతా నేను కుస్తీ పట్టిన ప్రోగ్రాంలో అక్క ఒక్క లైను సరిచేసి, "ఇంతేనే!" అనేది. ఒళ్ళు మండిపోయేది. మొదటి పరీక్ష తప్పాను. ఆ తర్వాత రోజూ అదే పక్కన కూర్చుని చెప్పేది. దాని సాయంతో గట్టెక్కాల్సి వచ్చినందుకు ఇంకా కుళ్ళుకునేదాన్ని.

ఒకరోజు ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించారు. బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఒక్క సీటు ఖాళీ అయింది, మారదలచినవాళ్ళు సోమవారం రావచ్చు, ముందొచ్చినవాళ్ళకే సీటు. ఎవరికీ చెప్పకుండా ఫారం నింపుకుని, కిటికీ తెరవకముందే వెళ్ళాను. అప్పటికే అక్కడ ఒకరు నిలబడి ఉన్నారు. అక్క!

"నువ్వేంటే ఇక్కడ?" అన్నాను. దాని చేతిలోనూ అదే ఫారం.

"నాకు మొదట్నుంచీ ఇదే ఇష్టం. నువ్వు ఇదే తీసుకుంటావని బాబాయ్ చెప్పాడు. ఆ డబ్బాల పని నువ్వు చేసినట్టు నేను చెయ్యలేనే. ఒకే క్లాసులో పడితే పొద్దస్తమానం నిన్నూ నన్నూ పోలుస్తారని భయపడి అటు పోయా."

నిజం చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషమే. అది నన్ను చూసి కుళ్ళుకుందన్న సంతోషం! ఆలోగా కిటికీ తెరుచుకుంది, గుమాస్తా చెయ్యి చాపాడు.

అక్క తన ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, ఒక అడుగు పక్కకు జరిగింది. "వెళ్ళవే. నాకక్కడ ఎలాగోలా బండి నడుస్తుంది. నువ్వక్కడే ఉంటే మళ్ళీ తప్పుతావు."

వద్దక్కా, నువ్వే తీసుకో అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నేను ముందుకెళ్ళి నా ఫారం ఇచ్చేశాను.

ఇప్పుడు ఒక ఆసుపత్రిలో, రోగులు ఏ గది ముందు ఎంతసేపు ఆగుతున్నారో చూసి ఆ వరసలు తగ్గించడం నా ఉద్యోగం. చాలా ఇష్టమైన పని. అక్క జీతం చూసి గానీ, బుర్ర చూసి గానీ ఇప్పుడు నాకు ఈర్ష్య లేదు. ఆ రోజు ఒక అడుగు పక్కకు జరిగింది చూశారూ, అది నావల్ల కాలేదు. దానికి మాత్రం ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను.