మేనేజర్ సారు, రెండో డ్రైవ్

మా మేనేజర్ సారు పోయారని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది, ఒకప్పుడు దాణా మిల్లులో నాతో పనిచేసిన అకౌంటెంట్ అక్క. "గుండె ఆగిందంట. పోదామా?" అంది. పోదామన్నాను. ఏడుపు మాత్రం రాలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని పాత స్టాఫ్ అడిగితే ఒప్పుకున్నాను గానీ, లేని ప్రేమను ఇప్పుడు తెచ్చిపెట్టుకోలేను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మాది అలియాబాద్. కంప్యూటర్ డిప్లొమా చేసి, మేడ్చల్ దగ్గర కోళ్ళ దాణా మిల్లులో సర్వర్ చూసుకునే పనిలో చేరాను. మొదటి రోజే ఆయన నా ముందే ఓనర్‌తో, "గీ పిల్లకా సర్వర్ అప్పజెప్పేది? ఫ్యాన్ స్విచ్చి ఏడున్నదో ఎరుకనా ఆమెకు?" అన్నారు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ కంప్యూటర్, గిట్ల రా" అనేవారు. ఆయన కంప్యూటర్ బాగుచేసి నేను లేస్తే, నేను కూర్చున్న కుర్చీని రుమాలుతో తుడిచి మరీ కూర్చునేవారు. ఫైలు ఉంది సార్ అంటే ఒప్పుకోరు. "ఉన్నదనకు. తెరిచి సూపియ్."

సర్వర్‌లోని ఫైళ్ళకు పూటపూటకూ స్నాప్‌షాట్లు తీసేలా పెట్టాను. ఎవరైనా ఫైలు పాడుచేస్తే, ఆ పూటకు అదెలా ఉందో వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే ఆ స్నాప్‌షాట్లూ ఫైళ్ళున్న డ్రైవ్‌లోనే చేరుతుండేవి. అది నిండిపోయి, పాతవి వాటంతటవే చెరిగిపోతున్నాయి. రెండో డ్రైవ్ బిగించి వాటిని అక్కడికి మార్చాలనుకున్నాను. చిక్కల్లా ఒకటే. చోటు మార్చాలంటే ఉన్న స్నాప్‌షాట్లన్నీ చెరిపేయాలి. కొత్త చోట మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఆ మాట చెప్పగానే ఓనర్ ముందు సారు లేచి నిలబడ్డారు.

"ఉన్నయన్నీ తీసేస్తదట! ఏదన్న పోతే ఎవలు జిమ్మేదారి?"

"నేనే సార్."

"నీ జిమ్మేదారి ఏం జేసుకోవాలె? ఒక్క ఫైలు పోయినా ఇగ నువ్వు ఇంటికే."

ఓనర్ కాదనలేదు.

శనివారం మార్చాను. ఆయన కుర్చీ వేసుకుని నా వెనకే కూర్చున్నారు. చెరిపే ముందు ముఖ్యమైన ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి కాపీ తీశాను. ఒక్కొక్కటీ తెరిపించారు. ఒకటి నిజంగానే తెరుచుకోలేదు. "సూసినవా సేటూ?" అని పక్క గదిలో ఉన్న ఓనర్‌కు వినపడేలా అరిచారు. నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఆయన మీద విసరాలనిపించింది. ఆ ఫైలు మళ్ళీ కాపీ తీసి, తెరిచి చూపించి, అప్పుడు పాత స్నాప్‌షాట్లు చెరిపాను.

సోమవారం మధ్యాహ్నం ఆయన నా గుమ్మంలో నిలబడ్డారు. బయట లారీలు ఆగి ఉన్నాయి. ఏ కోళ్ళ ఫారానికి దాణాలో మక్కలెంత, సోయా ఎంత కలపాలో రాసుండే ఫైలు మీద పోయిన వారం ఫైలు సేవ్ అయి, దాన్ని చెరిపేసింది. పొద్దున ఎక్కించిన ఆర్డర్లు లేవు.

"ఫైలు ఖరాబైంది."

"ఎవరు చేశారు సార్?" అన్నాను, అందరికీ వినపడేలా. ఆయన కంప్యూటర్ నుంచే సేవ్ అయిందని నాకు కనపడుతూనే ఉంది.

"ముందుగాల ఫైలు తియ్యి!"

కొత్త డ్రైవ్‌లో ఆ రోజు పన్నెండింటి స్నాప్‌షాట్ ఉంది. అందులోంచి ఫైలు తీసి తెరిచాను. ఆయన కిందిదాకా చదివి వెళ్ళిపోయారు. ఓనర్ గదిలోంచి ఆయన గొంతు వినపడింది. "ఏం పరేషాన్ లేదు సేటూ. నేను జూసుకున్న."

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు బ్యాకప్ ఉంది మేడమ్ అంటే, తెరిచి చూపించమంటాను. ఆ అలవాటు ఆయన చలవే. బతికుండగా ఆ మాట ఆయన ముఖాన చెప్పలేదు, ఇప్పుడు ఉన్నా చెప్పను.

ఆయన రిటైరయ్యాక ఒక్కసారే చూశాను. సుచిత్ర చౌరస్తాలో మేడ్చల్ బస్సెక్కితే, ఖాళీగా ఉన్నది ఆయన పక్క సీటే. నన్ను చూసి, ఒళ్ళో ఉన్న సంచి తీసి ఆ ఖాళీ సీట్లో పెట్టారు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కొంపల్లి దాటాక ఆయన నిద్రలోకి జారుకున్నారు. బ్రేకు పడేసరికి సంచి బోర్లాపడి, వంకాయలు సీట్ల కిందికి దొర్లాయి. వంగి వాటన్నిటినీ ఏరి సంచిలో వేశాను. సంచిని మళ్ళీ ఆ సీట్లోనే పెట్టి, మేడ్చల్ దాకా నిలబడే పోయాను.