విప్పని మూట

మా ఆవిడ అక్క, అంటే మా వదిన ఎల్‌ఫ్రీడా, ఖోరిఖాస్ ఊరి బడి హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడి పిల్లలంతా ఆమె గరిటె చప్పుడుకే వరసలో నిలబడతారు. ఇంట్లో మేమూ అంతే. ఏటా ఆగస్టు సెలవుల్లో తన పాత పికప్‌లో మమ్మల్నందరినీ వేసుకుని ఎండిపోయిన హువాబ్ ఏటి ఇసుకలోకి దిగుతుంది. స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వదు. నాకసలే ఇవ్వదు.

"మరిదీ, నువ్వు గాలి తియ్యి చాలు. బండి సంగతి నేను చూసుకుంటా," అంటుంది. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించే పని పెళ్లయిన నాటి నుంచీ నాదే.

బయలుదేరే ముందు సోదా ఉంటుంది. ఆ ఏటి వెంట తిరిగే అడవి ఏనుగులు పళ్ల వాసన ఎంత దూరం నుంచైనా పసిగడతాయి. కమలాపండయితే ఇక చెప్పనే అక్కర్లేదు. అందుకని ప్రతి సంచీ విప్పించి చూస్తుంది. ఒకసారి నా జేబులో తొక్క ఒకటి దొరికితే ఆమె పెట్టిన చీవాట్లు మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తోంది. ఒక్క మూట మాత్రం ఎవరూ ముట్టరు. అది మా అత్తగారు జస్టీనాది. మా డమారా తెగవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్ల మూట విప్పి చూడటమంటే వాళ్లను చెంపమీద కొట్టినంత పని. ఎల్‌ఫ్రీడా అమ్మ ముందు గొంతు కూడా ఎత్తదు.

ఒక ఏడాది ఏటి ఇసుకలో దారి పొడుగునా ఏనుగుల తాజా అడుగులు కనిపిస్తూనే ఉన్నాయి. వదిన వాటినే చూస్తూ నడిపింది. ఏనుగుల దారికి ఎడంగా, గట్టు మీద దిగాం. పిల్లలూ మా ఆవిడా బండి పైకప్పు మీది గుడారంలో పడుకున్నారు. నిచ్చెన ఎక్కలేని అత్తగారికి కింద చిన్న గుడారం వేశాం.

తెల్లవారాక నేను పొయ్యి రాజేసి కాఫీ పెడుతున్నాను. వదిన టైర్లు తడిమి చూస్తోంది. నేను తలెత్తేసరికి అత్తగారి గుడారం పక్కన మగ ఏనుగు. అంత ఒళ్లు వేసుకుని ఎలా వచ్చిందో, ఆకు కదిలిన చప్పుడైనా లేదు.

కాఫీ గిన్నె వదిలేసి లేవబోయాను.

"కదలకు," అంది వదిన.

"బండి స్టార్ట్ చేద్దామా?"

"నోర్ముయ్. బెదిరిందంటే అమ్మను తొక్కేస్తుంది."

తొండం గుడారం చుట్టూ తడిమి, ఒక మూల ఆగింది. గట్టిగా ఊపిరి పీల్చింది. గుడ్డ లోపలికి నొక్కుకుపోయింది.

"పళ్లు," అంది వదిన. "అమ్మ పళ్లు తెచ్చింది."

"అమ్మా," అని మెల్లగా పిలిచింది. అత్తగారికి కాస్త చెవుడు, దూరం నుంచి గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. గుడారం తాడొకటి పుటుక్కున తెగింది. "అమ్మా, ఆ మూట బయటికి తోసెయ్యమ్మా!" ఏనుగు ముంగాలు ఎత్తింది.

అప్పుడు అరిచింది వదిన, హాస్టల్ వంటింట్లో అరిచే గొంతుతో. "ఏయ్ ముసల్దానా! మూట బయట పారెయ్! పారెయ్ ముందు!"

ఏనుగు చెవులు విప్పి మా వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది. వదిన చేతులు కిందికి వదిలేసి అలాగే నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను, దాచడమెందుకు. గుడారం లోంచి "ఎవర్నే ముసల్దానా అంటున్నావ్?" అని గొణుగుడు వినిపించింది. జిప్పు కొంచెం తెరుచుకుంది. ముడతల చెయ్యి ఒకటి మూటను ఇసుకలోకి తోసింది. కమలాపండ్లు దొర్లాయి.

ఏనుగు మమ్మల్ని వదిలేసింది. దానికి తొందరేమీ లేదు. ఒక్కో పండూ ఏరుకు తిని, మూటగుడ్డ కూడా నమిలి, ఏట్లోకి దిగిపోయింది.

వదిన పరుగున వెళ్లి అమ్మను బయటికి తెచ్చి ఒళ్లంతా తడిమింది. "ఎందుకు తెచ్చావమ్మా అవి?"

"బండి నడుపుతుంటే నీకు నోరెండిపోతుంది కదే. పిల్లలు చూస్తే నీకు మిగల్చరని దాచా."

వదిన ఇసుకలో కూలబడింది. "నీ మీద అరిచానమ్మా. తప్పయిపోయింది."

అత్తగారు కూతురి తలగుడ్డ సర్దింది.

"ఇంటి దగ్గరే అరవాల్సింది," అంది. "మూట విప్పమని."

పిల్లలు పైనుంచి చూస్తున్నారన్నది కూడా మరిచిపోయి, మా వదిన అమ్మ ఒళ్లో తల పెట్టి బావురుమంది.