నీళ్ల గంట

నీళ్ల గంట కొడితే మా ఎనిమిదో తరగతంతా గటగటా తాగేది. ఒక బిడ్డ మాత్రం సీసాను పెదవులకు ఆనించి, మళ్లీ మూత పెట్టేసేవాడు. కళ్యాణదుర్గం ఎండల్లో ఇదేం మొండితనమప్పా అన్నాను.

“తాగితే బాత్రూముకు పోవాల గదా మేడం. ఆడ ‘నువ్వు మగోడివా, ఆడదానివా’ అని చుట్టూ మూగి గడియ పెడతారు.”

హెడ్మాస్టరుకు చెప్తే, “వాణ్నే మగోని మాదిరి నడవమను” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. టీచర్ల బాత్రూము తాళంచెవి ఆ బిడ్డ చేతిలో పెట్టినాను. మరుసటి రోజు సీసా ఖాళీ చేసి, గడ్డం తుడుచుకుంటా నవ్వినాడు.

అంతలోనే నాకు బదిలీ. మనసు నిలవక, నా చోటికొచ్చిన టీచరమ్మకు ఫోన్ చేసి, ఆ బిడ్డ ఎట్లుండాడని అడిగినాను.

“శానా బుద్ధిమంతుడు మేడం. సాయంత్రం దాకా బాత్రూముకని కూడా లేయడు.”