సాంబయ్యకు సూది ఎవరు గుచ్చాలి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను కాశిబుగ్గ పట్టణ ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. హోదాకు సివిల్ సర్జన్‌ని, పనికి జ్వరాల డాక్టరమ్మని. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. అప్పటికే అక్కడ చాలా ఏళ్లుగా పాతుకుపోయాను కనుక పేటలో సగం ఇళ్లకు నేనే ఇంటి డాక్టర్‌ని.

ఇంటి డాక్టర్ అంటే ఏమిటో చెప్పాలి. రోగి పెద్ద దవాఖానకు వెళ్లి, స్కానింగులు తీయించుకుని, స్పెషలిస్టు రాసిన మందులు కొనుక్కుని, వాటిని వేసుకోకుండా సంచిలో పెట్టుకుని మన దగ్గరికి వస్తాడు. "ఇవి ఏసుకోవాల్నా అమ్మా?" అంటాడు. పైగా నాకు హస్తవాసి ఉందని పేట అంతా ప్రచారం. ఫార్మసిస్టు ఇచ్చిన గోళీని నా బల్ల దగ్గరికి తెచ్చి ఒకసారి నా చేత్తో ఇప్పించుకుంటే తప్ప అది మందు కాదు, సుద్దముక్క. నేను విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే ఇచ్చేదాన్ని. పొగిడితే నాకేం చేదా?

జంపఖానాలు నేసే సాంబయ్య ఈ భక్తమండలికి అధ్యక్షుడు. బీపీకి నేనిచ్చిన గోళీలు మానేసి, నడుము నొప్పి గోళీలు మాత్రం షాపులో తనే కొనుక్కుని ఏళ్ల తరబడి మింగి కిడ్నీలు పాడుచేసుకున్నాడు. భక్తి అంటే మాట వినడమని ఎవరన్నారు! క్రియాటినిన్, అంటే కిడ్నీ వడపోయలేక రక్తంలో మిగిల్చే చెత్త, ఎంతకూ దిగలేదు. డయాలసిస్ తప్పదని పెద్ద దవాఖానవాళ్లు తేల్చి ఎడమ చేతికి ఫిస్టులా చేశారు. సిరను ధమనికి కలిపి కుట్టే ఆపరేషన్ అది. కొన్ని వారాలకు ఆ సిర లావెక్కుతుంది. అప్పుడు దాంట్లోకి రెండు లావుపాటి సూదులు గుచ్చి, రక్తాన్ని యంత్రంలోకి పంపి కడిగి తెస్తారు.

సిర లావెక్కింది. సాంబయ్య మాత్రం మంచం దిగడు. కాళ్లు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది, పడుకుంటే ఆయాసం. ఇంకా వాయిదా వేస్తే మనిషి దక్కడు. అతని భార్య రాజవ్వ వచ్చి, ఓపీ గదిలో అందరి ముందూ నా మీద పడింది.

"నువ్వు సూది గుచ్చితెనే దవాఖానకు పోతడట డాక్టరమ్మా. లేకుంటె ఇంట్లనే సస్తడట. నీ చెయ్యి, నీ చెయ్యి అని పానం తీస్తాండు. నువ్వే చెప్పు."

అయ్యో రామా! డయాలసిస్ సూదిని నేను జన్మలో పట్టుకోలేదు. అది శిక్షణ పొందిన టెక్నీషియన్ పని. నేను గుచ్చితే ఫిస్టులా చెడి, ఆపరేషన్ మళ్లీ మొదటికొచ్చేది. ఇంటికి వెళ్లి సాంబయ్యకు ఆ మాటే చెప్పాను. "నీకు రాకపోవుడేంది, మజాక్ చేస్తానవా" అని నవ్వాడు. ఒళ్లు మండింది. అంత ఆయాసంలోనూ నవ్వుతున్నాడే అని ఏడుపూ వచ్చింది.

పెద్ద దవాఖాన డయాలసిస్ యూనిట్‌లో టెక్నీషియన్ యాకూబ్‌కు సంగతి చెప్పాను. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, మీరు చెయ్యి పట్టుకోండ్రి, సూది నేను గుచ్చుత" అన్నాడు. నేనూ వస్తున్నానని తెలిసి సాంబయ్య మంచం దిగి యూనిట్‌కు వచ్చాడు. రక్తం చూస్తే అతనికి కళ్లు తిరుగుతాయి. ముఖం గోడవైపు తిప్పుకుని కళ్లు మూసుకున్నాడు. నేను చేతి తొడుగులు వేసుకుని, ప్రారంభోత్సవానికొచ్చిన మంత్రిలా గంభీరంగా నిలబడి అతని చెయ్యి పట్టుకున్నాను. యాకూబ్ రెండు సూదులూ గుచ్చి, గొట్టాలు బిగించి పక్కకు తప్పుకున్నాడు. "సూసినవా, డాక్టరమ్మ సూది నొప్పే ఉండది" అని సాంబయ్య పక్క మంచం ఆయనకు చెప్పుకున్నాడు. కాదనడం నాకు అవసరమనిపించలేదు. సాయంత్రానికి ఆయాసం తగ్గింది.

వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రతిసారీ నేనే రావాలన్నాడు. ఓపీ ముగించుకుని పరుగెత్తి, చెయ్యి పట్టుకుని నిలబడేదాన్ని. గుచ్చేది యాకూబ్, పేరు నాది. ఒకరోజు జిల్లా సమావేశం ఉండి పోలేకపోయాను. అప్పటికే కాళ్లు ఉబ్బి ఉండటంతో, వేరే దారి లేక సాంబయ్య, కొత్త చెయ్యి కదా అని కళ్లు తెరుచుకునే యాకూబ్‌తో గుచ్చించుకున్నాడట. తర్వాతి విడతకు నేను హడావుడిగా వెళ్లేసరికి రాజవ్వను బయటికి పంపి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకు డాక్టరమ్మా. నువ్వింక రాకు. నీ చెయ్యి జర బరువు. యాకూబ్ తమ్ముడు గుచ్చితె తెల్వనే తెల్వది."

యాకూబ్ యంత్రం వెనక్కి వెళ్లి ఏదో గొట్టం సవరించడం మొదలుపెట్టాడు. అతని భుజాలు ఊగుతున్నాయి.

ఆ మాట కాశిబుగ్గ అంతా పాకింది. నేను రిటైరయ్యేదాకా, "సూది నర్సమ్మతోని ఏపియ్యుండ్రి" అని నా మొహం మీదే అడిగినవాళ్లున్నారు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ నేర్చుకున్నది ఇది: దీర్ఘరోగంలో ఇంటి డాక్టర్ పని, రోగి నమ్మకం తగిన చేతికి చేరేదాకా పక్కన నిలబడటం. చేరాక తప్పుకోవాలి. తప్పుకునేటప్పుడు చెడ్డపేరు వస్తే, తీసుకుని ఇంటికి పోవాలి. సాంబయ్య ఆ తర్వాత ఒక్క విడతా మానలేదు.