మా ప్రెసిడెంటు గారి గట్టు

మా ఊరి గట్టు డబ్బులు తిన్నాడన్న మనిషి మీద సాక్ష్యం చెప్పింది నేనే. ఆయన్ని చూడడానికి జైలుకి వెళ్లినవాళ్లలోనూ నేనున్నాను. ఈ రెండూ ఎలా కుదిరాయని బడిలో తోటి టీచర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. కుదరలేదనే చెబుతాను. జరిగాయి, అంతే.

మాది రాజోలు వైపు, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఒక ఊరు. ఏటికీ ఊరికీ మధ్య మట్టి గట్టు ఉంటుంది. పక్క ఊరి బడిలో సోషల్ చెబుతాను కనక రోజూ ఆ గట్టు మీదే బండి వేసుకుని వెళ్తాను. మా ఆయనది వ్యవసాయం. ఇంటి చుట్టూ కొబ్బరి, గట్టు కింద అరటితోట. మా సర్పంచిని ఊళ్లో ఎవరూ సర్పంచి అనరు, ప్రెసిడెంటు గారంటారు. నేనూ అలాగే అంటాను.

ఒక వేసవిలో గట్టు ఎత్తు పెంచి, మట్టి కుదించి, పైన గ్రావెల్ పరిచే పని వచ్చింది. కాంట్రాక్టు ప్రెసిడెంటు గారి బావమరిది పేరు మీద ఉంది. పని మాత్రం ప్రెసిడెంటు గారి చేతి మీద జరిగింది. రోలరు వచ్చింది, ఫొటో దిగింది, వెళ్లిపోయింది. గ్రావెల్ శిలాఫలకం ఉన్నచోట బాగా పడింది. అక్కణ్ణుంచి ముందుకు వెళ్తే పాత మట్టే. వాన కురిస్తే నా బండి ఎక్కడెక్కడ జారుతుందో పనికి ముందూ నాకు తెలుసు, పని తర్వాతా తెలుసు. ఆ చోట్లు మారలేదు.

ఆ ఆగస్టులోనే వరద వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెబుతుండగా, సరిగ్గా మా తోట ఎదురుగా గట్టు అడుగున ఊట మొదలైంది. ఊళ్లో మగవాళ్లంతా ఇసుక బస్తాలతో పరిగెత్తారు. వాళ్లందరికంటే ముందు ప్రెసిడెంటు గారున్నారు. లుంగీ పైకి కట్టి నడుం లోతు నీళ్లలో దిగి, బస్తా ఒక కొస తను పట్టుకుని, రెండో కొస మా ఆయనకి ఇచ్చి, మధ్యాహ్నమంతా మోశారు. కాలికి మేకు దిగినా పైకి రాలేదు. చీకటి పడేలోపే గట్టు తెగింది. నీళ్లు తీశాక చూస్తే మా తోట లేదు. గెలలతో ఉన్న చెట్లన్నీ పడిపోయి, వాటి మీద ఇసుక మేట వేసి ఉంది. 

తర్వాత వారం పాటు ఊరంతా ప్రెసిడెంటు గారి కాలెలా ఉందని అడిగింది. ప్రెసిడెంటు గారు మాత్రం కుంటుకుంటూ మా ఇంటికి వచ్చి మా తోటెలా ఉందని అడిగారు.

ఎవరో పైకి అర్జీ పెట్టారు. విచారణకి ఇద్దరు అధికారులు వచ్చారు. ఎక్కువ నష్టపోయింది మేమే కాబట్టి ముందు మా ఇంటికే వచ్చారు. మా ఆయన వాళ్లని అరుగు మీద కూర్చోబెట్టి బొండాలు కొట్టి ఇచ్చాడు.

"గట్టు పని సరిగ్గా జరిగిందాండీ?" అని పెద్దాయన అడిగాడు.

"బ్రహ్మాండంగా జరిగిందండీ. గోదారే ఈసారి ఎక్కువొచ్చేసిందండి," అన్నాడు మా ఆయన.

"గ్రావెల్ వేశారా?"

"వేసేరండి. వరదకి కొట్టుకుపోయిందండి."

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. కొట్టుకుపోవడానికి ముందు అది ఉండాలి కదా అనుకున్నాను. అనుకున్నది పైకే అన్నానని అందరూ నావైపు తిరిగాక తెలిసింది. పెద్దాయన బొండం పక్కన పెట్టి, "చెప్పండమ్మా," అన్నాడు. ఎక్కడిదాకా గ్రావెల్ పడిందో, ఎక్కణ్ణుంచి లేదో, రోలరు ఎంతసేపుందో చెప్పాను. రాసుకున్నారు. చదివి వినిపించారు. ఒకచోట వాక్యం తప్పుంటే సరిచేసి సంతకం పెట్టాను.

వాళ్లు వెళ్లాక మా ఆయన ఖాళీ బొండాలు ఏరి దొడ్లో పడేశాడు. అన్నం దగ్గర కూర్చున్నాక అన్నాడు:

"ఆయన బస్తా ఆ కొస పట్టుకున్నాడు, నేనీ కొస పట్టుకున్నాను. ఇప్పుడొచ్చి ఆయన మీద కాయితం రాసివ్వమంటే ఎలాగే?"

"ఆయన మట్టి సరిగ్గా వేయించి ఉంటే ఆ బస్తాలు మోసే పనే ఉండేది కాదు కదండీ."

మా ఆయన ఆలోచించాడు. "అదీ నిజమే," అని మజ్జిగ వేసుకున్నాడు.

ఆ నిజం వల్ల ఆయన మనసులో ఏమీ కదలలేదు. నాకు కోపం వచ్చింది. పోయిన తోట మాది. ఆ కోపం రావలసింది ఆయనకి.

కొన్నాళ్లకి ప్రెసిడెంటు గారినీ బావమరిదినీ అరెస్టు చేసి ఏటికి అవతలి జైల్లో పెట్టారు. ఆ రోజు ఊళ్లో రెండు టీకొట్లు మూసేశారు. మర్నాటికల్లా ఆయన్ని చూసి రావడానికి వ్యాను మాట్లాడేశారు. మా ఆయన వెళ్లక తప్పదన్నాడు. పక్కింటి పెద్దమ్మ గారూ బయలుదేరింది. ఆవిడకి కారులో అయినా వ్యానులో అయినా వాంతులవుతాయి, పక్కన ఒక ఆడమనిషి ఉండాలి. అలా నేను నిమ్మకాయలు పట్టుకుని ఎక్కాను.

నేను ఎక్కితే ఎవరైనా ఏమైనా అంటారనుకున్నాను. సాక్ష్యం సంగతి ఊరంతా తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. కిటికీ పక్క సీటు ఇచ్చారు.

దారిలో పెద్దమ్మ గారిని అడిగాను, "ఆయన డబ్బులు తిన్నారంటే నమ్ముతారా మీరు?" అని.

"తినకుండా ఎలా ఉంటాడమ్మా," అంది ఆవిడ నిమ్మకాయ వాసన చూస్తూ. "అంత పెద్ద పని చేతిలో పెడితేను."

"మరి?"

"మావాణ్ణి కువైట్‌లో సేటు పాస్‌పోర్టు లాక్కుని ఇంట్లో పెట్టేసుకున్నాడు కదమ్మా. నేనెవరికి చెప్పుకోవాలో నాకు తెలవదు. ఈయనకి చెప్పేను. ఎవరెవరికి ఫోన్లు చేసేడో, పిల్లాడు ఇంటికొచ్చేడు. తిననివాళ్లు కూడా ఉన్నారమ్మా మనూళ్లో. వాళ్ల గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు నేను."

"ఎక్కి చూడాల్సింది."

"గేటుకి తాళం ఉంటాదమ్మా," అంది.

ఇంకా ఏదో అనబోయింది గానీ అప్పుడే వంతెన మలుపు వచ్చింది. వ్యాను ఆపాల్సి వచ్చింది.

జైలు గేటు దగ్గర ములాఖత్‌కి ముగ్గురినే పంపుతామన్నారు. ఆధార్ కార్డు కావాలన్నారు. పెద్దమ్మ గారు ఆయన కోసం కజ్జికాయలు తెచ్చింది గానీ ఆధార్ తేలేదు. వ్యానులో చాలామందిది అదే పరిస్థితి. కార్డు పర్సులో పెట్టుకుని తిరిగే అలవాటు నాకొక్కదానికే ఉంది. "నువ్వెళ్లమ్మా, నా తరఫున చూసి రా," అంది పెద్దమ్మ గారు. బయటి తిండి లోపలికి తీసుకువెళ్లనివ్వలేదు. కజ్జికాయలు గేటు బయట చెట్టు నీడన కూర్చుని మావాళ్లే తినేశారు.

అలా మా ఆయన, మా ఊరి కొబ్బరి వ్యాపారి, నేను లోపలికి వెళ్లాం. జాలీ అవతల ప్రెసిడెంటు గారు నిలబడి ఉన్నారు. గడ్డం పెరిగింది. నన్ను చూసి ఆయన చేతులు జోడించారు.

"టీచరు గారు! మీరు కూడా వచ్చేరాండీ? ఎండన పడి ఎందుకండీ మీకు శ్రమ."

ఆయన మా ఆయన వైపు తిరిగి తోటలో ఇసుక తీయించారా అని అడిగారు. పెద్దమ్మ గారి కంటి ఆపరేషను ఎంతవరకు వచ్చిందని అడిగారు. తుఫాను షెల్టరు తాళం ఫలానావాళ్ల దగ్గరుంది, తీసుకోండని చెప్పారు. కొబ్బరి వ్యాపారి కళ్లు తుడుచుకున్నాడు. వార్డరు టైమైపోతోందని చెప్పాడు. ఇక ఆగలేక అన్నాను:

"గ్రావెల్ వేయలేదని వాళ్లకి చెప్పింది నేనేనండీ."

"ఆయ్. తెలుసండి. మా లాయరు గారు చదివి వినిపించేరండి," అన్నారాయన. "అందులో తప్పేం లేదండి. అక్షరం తేడా లేదు. టీచరు గారు కదండీ మరి."

వెళ్లి వస్తామండీ అని చెప్పి వచ్చేశాం.

వ్యానులో మా ఆయన మొహం వెలిగిపోతోంది. "చూసేవా?" అన్నాడు.

"ఏం చూడాలి? ఒప్పుకున్నాడండీ ఆయన!"

"అదే చెబుతున్నాను. వేరేవాడైతే లేదు, కాదు, కుట్ర అనేవాడు. ఆయన అన్నాడా? ఉన్నదున్నట్టు చెప్పేడు. అలాటి మనిషి ఎక్కడుంటాడే?"

వ్యానులో అందరూ ఆయ్ అన్నారు. పెద్దమ్మ గారు ఒక్కతే అనలేదు, నిద్రపోతోంది.

బెయిలు మీద ఆయన తిరిగి వచ్చిన కొన్నాళ్లకే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆయన నామినేషను వేశారు. గుర్తు కత్తెర వచ్చింది. ఊళ్లో ఎవరూ నవ్వలేదు. పోటీగా నిలబడ్డ ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చేయి చాపలేదని పేరు. కాకినాడలో ఇల్లు కట్టుకున్నా సొంతూరికి ఏదైనా చేద్దామని వచ్చాడు. మా ఇంటికి ఓటు అడగడానికి వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, పారదర్శకత గురించి చాలా బాగా మాట్లాడాడు. ఆయన చెప్పినవన్నీ నేను పిల్లలకి పాఠంలో చెప్పేవే. వెళ్తూ వెళ్తూ, "గట్టు తెగింది ఏ వైపండీ?" అని అడిగాడు. ఆయన కూర్చున్న కుర్చీలోంచి అది కనిపిస్తూనే ఉంది.

అయినా నా ఓటు ఆయనకే వేశాను. ఇంట్లో చెప్పే వేశాను. మా ఆయన కత్తెరకి వేశాడు, ఆయనా చెప్పే వేశాడు. ఇద్దరం ఒకే బండి మీద వెళ్లి వచ్చాం. ప్రెసిడెంటు గారు గెలిచారు. ఓడిపోయిన ఆయన కరపత్రం నేను ఫ్రిజ్ మీద దాచాను, ఫోను నంబరు ఉందని.

ఆ వర్షాకాలం మళ్లీ ఏరు పొంగింది. మా ఆయన అరటి పిలకలు తేవడానికి రావులపాలెం వెళ్లి అక్కడ ఇరుక్కుపోయాడు. నేను బడి నుంచి వస్తుంటే, తెగినచోట కట్టిన కొత్త మట్టి అడుగున తడి కనిపించింది. బండి ఆపి దిగి చూశాను. వేలు పెడితే మట్టి లోపలికి పోయింది. నీళ్లు చల్లగా వేలిని తోస్తున్నాయి.

ఇంటికి వచ్చి ఫ్రిజ్ మీది నంబరుకి ఫోను చేశాను. ఆ రిటైరైన ఆయన కాకినాడ నుంచి వెంటనే పలికాడు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"చాలా ఆందోళనకరమైన విషయమండీ. మీరు వెంటనే రాతపూర్వకంగా ఒక దరఖాస్తు పెట్టండి. కాపీ నాకు పంపండి. నేను ఫాలో చేస్తాను," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

దరఖాస్తు రాయడం నాకు బాగా వచ్చు. కాగితం కూడా తీశాను. అప్పుడు వాన పెద్దదైంది. కాగితం పక్కన పెట్టి ప్రెసిడెంటు గారికి ఫోను చేశాను. ఆయన నంబరు నా ఫోనులో లేదు, పెద్దమ్మ గారిని అడిగితే చూడకుండా చెప్పేసింది.

"చెప్పండి టీచరు గారండీ. ఎక్కడ కారుతోందండీ?" అన్నారు. నేనెవరో ఇంకా చెప్పనేలేదు.

"మా తోట దగ్గరేనండి. కొత్త మట్టిలో."

"నీళ్లు తేటగా వస్తున్నాయాండీ, మట్టితో వస్తున్నాయాండీ?"

"మట్టితోనే."

"ఆయ్. మీరు అటు పోకండి. ఇంట్లోనే ఉండండి. వచ్చేస్తున్నాను."

కాసేపటికి రెండు ట్రాక్టర్ల నిండా ఇసుక, వాటి వెనక మనుషులు, ముందు ప్రెసిడెంటు గారు వచ్చారు. ఇసుక ఎక్కడిదని నేను అడగలేదు. ఊళ్లో ఏ ఇంటి పనికీ రసీదు మీద ఇసుక దొరకని రోజులవి. మా వసారాలోనే బస్తాలు నింపారు. నేనూ పెద్దమ్మ గారూ మూతులు కుట్టాం. ఈసారి గట్టు ఆగింది. అందరికీ టీ పెట్టాను. ప్రెసిడెంటు గారు మాత్రం షుగర్ ఉందని చక్కెర లేకుండా తాగారు.

గట్టు నిలబడినందుకు సంతోషించాను. ఈయనే నిలబెట్టినందుకు ఒళ్లు మండింది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏదీ రెండోదాన్ని తగ్గించలేదు. మా ఆయన మర్నాడు వచ్చి సంగతంతా విని, ఏమీ అనకుండా ఊరుకున్నాడు. అలా ఊరుకోవడానికి ఆయన చాలా కష్టపడ్డాడని మొహం చూస్తే తెలిసింది.

కేసు నడుస్తూనే ఉంది. మొన్న సాక్షిగా రమ్మని నాకు సమన్లు వచ్చాయి. ఆ సాయంత్రమే ప్రెసిడెంటు గారు గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రండి అన్నా రాలేదు.

"వాయిదాకి నేనూ వెళ్లాలి కదండీ. మీకు రెండు బస్సులు మారాలి. ఒక్క కారులో వెళ్లిపోదామండి," అన్నారు.

"అలా బాగుండదండీ. నేను మీ మీద చెప్పడానికి వెళ్తున్నాను."

"చెప్పండి. చెప్పాలి కదండీ మరి. దానికీ కారుకీ ఏముందండి?"

నేను బస్సులో వెళ్లాను. మా ఆయన ప్రెసిడెంటు గారి కారులో వెళ్లాడు. కోర్టులో సాయంత్రం దాకా కూర్చున్నాం. వాయిదా పడింది. బయటికి వచ్చేసరికి వాన దంచేస్తోంది, బస్టాపులో పైకప్పు లేదు. కారు వచ్చి ఆగింది. మా ఆయన వెనక తలుపు తీశాడు. ఎక్కాను.

దారంతా వాళ్లిద్దరూ కురిడీ కొబ్బరి ధర గురించి మాట్లాడుకున్నారు. తగ్గిందట.